హిజ్రీ సంవత్సరానికి 622 కలిపితే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

ముస్లింల చరిత్ర, వాళ్ల జ్ఞాన సంప్రదాయం మీద తెలుగు పత్రికలు వ్యాసాలు వేయడం సంతోషించాల్సిన విషయం. ఆ వ్యాసాల్లో పదేపదే దొర్లే ఒక తప్పు గురించి ఈ ఉత్తరం. హిజ్రీ సంవత్సరం, అంటే ముస్లింల చాంద్రమాన సంవత్సరం, ఏదైనా కనబడితే చాలు, దానికి 622 కలిపి క్రీస్తుశకం అని రాసేస్తున్నారు. మొదటి హిజ్రీ సంవత్సరం క్రీ.శ. 622లో మొదలైంది కాబట్టి రెండు శకాల మధ్య తేడా ఎప్పటికీ అంతే ఉంటుందని అనుకోవడం వల్ల వచ్చిన పొరపాటిది.

ఉస్మానీ (ఒట్టోమన్) సుల్తాన్ రెండో మహమ్మద్ కాన్‌స్టాంటినోపుల్‌ను (నేటి ఇస్తాంబుల్) పట్టుకున్నది హిజ్రీ 857లో. 622 కలిపితే 1479 వస్తుంది. ఆ నగరం పడిపోయింది 1453లో. అంటే 26 ఏళ్లు తేడా, ఒక తరమంత. మంగోలులు బాగ్దాదును కూల్చింది హిజ్రీ 656లో. 622 కలిపితే 1278 అవుతుంది. కానీ ఆ దండయాత్ర నడిపిన హులాగూ 1265లోనే చనిపోయాడు. ఇంత పేరున్న సంఘటనలైతే ఎవరో ఒకరు పట్టుకుని దిద్దుతారు. అంతగా తెలియని పండితుడు చనిపోయిన ఏడో, ఏదో మసీదు కట్టిన ఏడో అయితే ఆ తప్పు అచ్చులో అలాగే ఉండిపోతుంది. తర్వాత రాసేవాళ్లు దాన్నే ఎత్తి రాస్తారు.

తేడా ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. హిజ్రీ ఏడాదంటే పన్నెండు చాంద్రమాసాలు, అంతకు మించి ఒక్క రోజు కూడా లేదు. ఒక చాంద్రమాసం సగటున 29 రోజుల 12 గంటల 44 నిమిషాలు. పన్నెండు కలిపితే 354 రోజుల 8 గంటల 48 నిమిషాలు. సౌర సంవత్సరం కంటే ఇది దాదాపు 11 రోజులు తక్కువ. ఏటా అలా వెనక్కి జరుగుతూ పోతే 33 హిజ్రీ ఏళ్లు గడిచేసరికి సౌరమానంలో 32 ఏళ్లే గడుస్తాయి. అందుకే 622తో మొదలైన తేడా ప్రతి 33 ఏళ్లకూ ఒకటి చొప్పున తగ్గుతూ వచ్చింది.

చంద్రుణ్ణి బట్టి నెలలు లెక్కపెట్టే సమాజాలు చాలానే ఉన్నాయి. కానీ వాటిలో ఎక్కువ భాగం ఋతువులు తప్పిపోకుండా మధ్యమధ్య ఒక నెల కలుపుకుంటాయి. మన పంచాంగంలో అధికమాసం అలాంటిదే. యూదులు 19 ఏళ్లలో ఏడుసార్లు అదనపు నెల కలుపుతారు. ఇస్లాంకు ముందు అరబ్బుల్లోనూ ‘నసీ’ అనే ఆచారం ఉండేది. అది అధికమాసమేనని పదకొండో శతాబ్ది పండితుడు అల్ బిరూనీ రాశాడు. కాదు, యుద్ధం నిషిద్ధమైన పవిత్ర మాసాన్ని తమకు వీలైనట్టు తర్వాతి నెలకు వాయిదా వేసుకోవడం మాత్రమేనని అనేవాళ్లూ ఉన్నారు. ఈ వాదం ఇంకా తెగలేదు. నెలల పేర్లను చూస్తే మాత్రం ఒకప్పుడు అవి ఋతువులకు కట్టుబడి ఉండేవనిపిస్తుంది. రబీ అంటే వసంతం. రంజాన్ అనే పేరు మండే ఎండను తెలిపే ధాతువు నుంచి వచ్చింది. ఇప్పుడు ఆ నెల గడ్డకట్టే చలిలోనూ వస్తుంది.

ఖురాన్ తౌబా అధ్యాయంలోని 36వ వాక్యం నెలలు పన్నెండేనని, వాటిలో నాలుగు పవిత్రమైనవని చెబుతుంది. 37వ వాక్యం నసీని నేరుగా ఖండిస్తుంది. హిజ్రీ 10లో, అంటే క్రీ.శ. 632 మార్చిలో, ప్రవక్త ముహమ్మద్ తమ వీడ్కోలు హజ్ ప్రసంగంలో ఆ మాటే మళ్లీ చెప్పారు. భూమ్యాకాశాలను సృష్టించిన నాడు కాలం ఎలా ఉందో తిరిగి అలాగే అయిందని ఆ ప్రసంగ సారాంశం. కాలాన్ని ఏ తెగ పెద్దలూ తమ చేతుల్లోకి తీసుకుని జరుపుకోకూడదన్నది దాని వెనకున్న ఆలోచన. ఫలితంగా ఉపవాసం అన్ని ఋతువుల్లోనూ తిరుగుతుంది. ఉత్తరాన ఉన్నవాళ్లకూ దక్షిణాన ఉన్నవాళ్లకూ చిన్న పగళ్లూ పెద్ద పగళ్లూ వంతులవారీగా వస్తాయి. సౌర సంవత్సరం లెక్క తెలియక ఇలా చేసుకున్నారని కొందరు రాస్తుంటారు, అది అన్యాయం. క్రీ.శ. 929లో మరణించిన ఖగోళవేత్త అల్ బత్తానీ సౌర సంవత్సరాన్ని 365 రోజుల 5 గంటల 46 నిమిషాల 24 సెకన్లుగా కొలిచాడు. నేటి విలువకు అది రెండున్నర నిమిషాలు కూడా తేడా లేదు. లెక్క తెలిసే, ఆరాధనకు చంద్రుణ్ణి ఎంచుకున్నారు.

శకం మాత్రం ప్రవక్త కాలంలో లేదు. నెలా రోజూ ఉండేవి, ఏడుకు అంకె ఉండేది కాదు. రాజ్యం పెరిగాక ఇబ్బంది వచ్చింది. ఒక పత్రంలో గడువు ‘షాబాన్’ అని ఉంటే, ఏ షాబాన్, పోయినదా రాబోయేదా అని ఖలీఫా ఉమర్ అడిగారని ఒక కథనం. మీ ఉత్తరాలకు తేదీ ఉండడం లేదని బస్రా నుంచి అబూ మూసా అల్ అష్అరీ రాశారని మరో కథనం. హిజ్రీ 17 ప్రాంతంలో సంప్రదింపులు జరిగాయి. ప్రవక్త జననం, దైవవాణి మొదలైన రోజు, మరణం అన్నీ చర్చకు వచ్చి, చివరికి మక్కా నుంచి మదీనాకు వలస వెళ్లిన ఏడు నిలిచింది. ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. ముహర్రం ఒకటో తేదీ వలస జరిగిన రోజు కాదు. ప్రవక్త మదీనా చేరింది మూడో నెల రబీ ఉల్ అవ్వల్‌లో, అంటే 622 సెప్టెంబరులో. ఏడాదిని మాత్రం అప్పటికే అలవాటులో ఉన్న ముహర్రం నుంచే లెక్కపెట్టారు. కాబట్టి శకారంభం 622 జులై 16, శుక్రవారం. ఖగోళ గ్రంథాల్లో చాలాచోట్ల ముందు రోజైన గురువారం నుంచి లెక్క ఉంటుంది. పాత పట్టికలు వాడేటప్పుడు ఈ ఒక్క రోజు తేడా గుర్తు పెట్టుకోవాలి.

ఈ శకం ఎంత త్వరగా వాడుకలోకి వచ్చిందో చెప్పే కాగితం ఒకటి వియన్నాలో ఆస్ట్రియా జాతీయ గ్రంథాలయంలో ఉంది. ఈజిప్టులో రాసిన పపైరస్ అది. అరబ్బు సైన్యం కోసం తీసుకున్న 65 గొర్రెలకు రసీదు. ఒకే కాగితం మీద గ్రీకులోనూ అరబీలోనూ రాశారు. గ్రీకు భాగం ఈజిప్టు నెల పేరుతో, రోమన్ల పన్ను చక్రంలోని ఏడుతో తేదీ వేసింది. అరబీ భాగంలో జమాదిల్ అవ్వల్ నెల, ‘ఇరవై రెండో సంవత్సరం’ అని ఉంది. ‘హిజ్రీ’ అన్న మాటే లేదు, ఉత్త సంవత్సరం. గ్రీకు తేదీ 643 ఏప్రిల్ 25కు సరిపోతుంది కాబట్టి ఆ 22 ఏ శకానిదో తేలిపోయింది. చరిత్రకారులకు రెండు పంచాంగాల తేదీ ఉన్న పత్రం ఎందుకంత విలువైనదో ఈ గొర్రెల రసీదు చూస్తే అర్థమవుతుంది.

ఇక మార్చుకునే పద్ధతి. ఏడు మాత్రమే కావాలంటే చిన్న లెక్క చాలు. హిజ్రీ సంఖ్యను 33తో భాగించి, వచ్చిన దాన్ని అదే సంఖ్యలోంచి తీసేసి, 622 కలపాలి. 857ను 33తో భాగిస్తే దాదాపు 26. 857లోంచి 26 పోతే 831. 622 కలిపితే 1453. ఇది ఒక ఏడు అటూ ఇటూ కావచ్చు, ఎందుకంటే హిజ్రీ ఏడు మామూలుగా రెండు క్రీస్తు సంవత్సరాల మీద పడుతుంది. ప్రసిద్ధ మత పండితుడు ఇమామ్ గజాలీ పుట్టిన హిజ్రీ 450నే తీసుకోండి. అది 1058 ఫిబ్రవరి 28న మొదలై మరుసటి ఫిబ్రవరి దాకా నడిచింది. నెల తెలియకపోతే 1058-59 అని రాయడమే నిజాయితీ. ఆయన మరణానికి నెలా రోజూ కూడా తెలుసు. 505 జమాదిస్సానీ 14, సోమవారం. అది 1111 డిసెంబరు 18. కాబట్టి అక్కడ 1111 అని ధైర్యంగా వేయొచ్చు.

రోజు కావాలంటే పట్టిక లెక్క చేయాలి. 30 హిజ్రీ ఏళ్లను ఒక చక్రంగా తీసుకుంటారు. అందులో 19 ఏళ్లకు 354 రోజులు, 11 ఏళ్లకు 355. చక్రం మొత్తం 10,631 రోజులు. ఎక్కువగా వాడే పద్ధతిలో ఆ 355 రోజుల ఏళ్లు చక్రంలో 2, 5, 7, 10, 13, 16, 18, 21, 24, 26, 29వవి. బేసి నెలలకు 30 రోజులు, సరి నెలలకు 29. దీర్ఘ సంవత్సరంలో చివరి నెల జుల్ హిజ్జాకు 30.

కాన్‌స్టాంటినోపుల్ పడిన రోజు 857 జమాదిల్ అవ్వల్ 20. గడిచిపోయిన పూర్తి ఏళ్లు 856. అందులో 28 చక్రాలు, అంటే 840 ఏళ్లు, పోగా మిగిలేవి 16. 28ని 10,631తో గుణిస్తే 2,97,668. మిగిలిన 16 ఏళ్లకు 5,664 రోజులు, వాటిలో దీర్ఘ సంవత్సరాలు ఆరు కాబట్టి 5,670. జమాదిల్ అవ్వల్‌కు ముందు నాలుగు నెలలకు 118. ఇరవయ్యో తేదీ కాబట్టి గడిచిన రోజులు 19. అన్నీ కలిపితే 3,03,475. దీన్ని 7తో భాగిస్తే శేషం 4. శకం శుక్రవారం మొదలైంది, దాని మీద నాలుగు రోజులు పోతే మంగళవారం. ఆ నగరం పడింది మంగళవారమే. గ్రీకులు మంగళవారాన్ని చెడ్డ రోజుగా ఎంచడానికి కారణంగా ఈ ఘటననే చెప్పుకుంటారు. ఆ రోజుల మొత్తాన్ని 622 జులై 16 నుంచి ముందుకు లెక్కపెడితే 1453 మే 29 వస్తుంది.

ఇక్కడొక ఉచ్చు ఉంది. ఈ మే 29 జూలియన్ క్యాలెండరు తేదీ. ఇప్పుడు మనం వాడే గ్రెగోరియన్ క్యాలెండరు 1582 అక్టోబరు 15 నుంచే అమల్లోకి వచ్చింది. కొన్ని వెబ్‌సైట్లూ యాప్‌లూ పాత తేదీలను కూడా గ్రెగోరియన్‌లోకే మార్చి చూపిస్తాయి. అలాంటిదాంట్లో ఈ తేదీ కొడితే జూన్ 7 అని వస్తుంది. లెక్క తప్పు కాదు, క్యాలెండరు వేరు. కానీ చరిత్ర పుస్తకాలన్నీ 1582కు ముందు తేదీలను జూలియన్‌లోనే రాస్తాయి కాబట్టి పత్రికలో జూన్ 7 అని వేస్తే పాఠకుడు గందరగోళపడతాడు. యాప్ వాడే ముందు తెలిసిన తేదీ ఒకటి కొట్టి చూడాలి. ఈ మే 29 అందుకు బాగా పనికొస్తుంది.

వారం పేరును ఎప్పుడూ పారేయకూడదు. అరబీ చరిత్రకారులు తేదీతో పాటు వారం కూడా రాసి పెట్టడం మనకు చేసిన పెద్ద మేలు. పట్టిక సగటు లెక్క, నెల మాత్రం కంటితో చూసిన నెలవంకతో మొదలయ్యేది. అందుకే ఒక రోజు తేడా సహజం. ప్రవక్త మరణానికి ప్రసిద్ధమైన తేదీ హిజ్రీ 11 రబీ ఉల్ అవ్వల్ 12. పట్టిక ప్రకారం అది 632 జూన్ 7, ఆదివారం. కథనాలన్నీ సోమవారం అంటాయి. వారమే గట్టి ఆధారం కాబట్టి జూన్ 8 అని రాస్తారు. అదే బద్ర్ యుద్ధం చూడండి. హిజ్రీ 2 రంజాన్ 17, శుక్రవారం అని సంప్రదాయం. పట్టిక ఇచ్చేది 624 మార్చి 13, మంగళవారం. మూడు రోజుల తేడాను నెలవంక మీదికి నెట్టలేం. హిజ్రీ 10కి ముందు నసీ ఇంకా నడుస్తూ ఉండొచ్చు, పట్టిక ఆ సంగతి పట్టించుకోకుండా వెనక్కి లెక్కిస్తుంది. అందుకని ఆ మొదటి పదేళ్ల తేదీలకు ‘సుమారు’ అన్న మాట చేర్చకుండా క్రీస్తుశక తేదీ వేయకూడదు.

రోజు ఎప్పుడు మొదలవుతుందన్నది మరో చిక్కు. ఈ పంచాంగంలో రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. ముందు రాత్రి, తర్వాత పగలు. శుక్రవారం రాత్రి అని అరబీలో ఉంటే మన లెక్కలో అది గురువారం రాత్రి. రంజాన్ 27వ రాత్రి అంటే 26వ ఉపవాసం విరమించిన సాయంత్రం మొదలయ్యేది. రాత్రివేళ జరిగిన మరణాలు, జననాలు, ముట్టడులు ఒక రోజు తేడాతో అచ్చవుతున్నాయంటే ఎక్కువగా ఇందుకే.

పాత గ్రంథాల నుంచి నేరుగా అనువదించేవాళ్లకు ఇంకో మాట. నెల రెండో సగంలో రోజులను వెనక నుంచి లెక్కపెట్టే అలవాటు అరబీ లేఖకులకు ఉండేది. ‘రంజాన్‌లో మూడు రాత్రులు మిగిలి ఉండగా’ అని రాస్తారు. దాన్ని మూడో తేదీ అని అనువదించడం ఘోరం. నెలకు 30 రోజులనుకుంటే అది 27. ఆ నెల నిజంగా 29 రోజులతోనే ముగిసి ఉంటే 26. మళ్లీ వారమే తేల్చాలి.

నాణేల మీదా రాళ్ల మీదా కష్టం ఇంకా ఎక్కువ. తొలి శతాబ్దాల్లో తేదీని అంకెల్లో కాక మాటల్లో, ఒకట్లు ముందు, పదులు తర్వాత, వందలు చివర రాసేవారు. 857 అయితే ‘ఏడు, యాభై, ఎనిమిది వందలు’. అరబీ రాతలో పాత శైలి అయిన కూఫీ లిపిలో అక్షరాల మీద చుక్కలు పెట్టడం అరుదు. చుక్కలు లేకపోతే ఏడుకు వాడే ‘సబ్అ’, తొమ్మిదికి వాడే ‘తిస్అ’ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. మొదటిదాంట్లో మూడు పళ్ల (పైకి లేచిన చిన్న గీతల) అక్షరం ముందు, ఒంటి పన్ను అక్షరం తర్వాత. రెండోదాంట్లో ఒంటి పన్ను ముందు, మూడు పళ్లు తర్వాత. చూపుకు రెండూ వరసగా నాలుగు పళ్లే. డెబ్బైకీ తొంభైకీ కూడా ఇదే బాధ. అలాంటి చోట టంకశాల పేరు, పాలకుడి పేరు చూసి, ఆ ఏడు అతను అధికారంలో ఉన్నాడా లేదా అని సరిచూసుకోవాలి. తర్వాతి కాలపు శాసనాల్లో అంకెలు వచ్చాయి. వాటిలో సున్నా అంటే ఒట్టి చుక్క. రాయి పెచ్చు లేచిందనుకుని చుక్కను వదిలేస్తే 1080 కాస్తా 108 అవుతుంది.

ఇంకా ముచ్చటైనది అబ్జద్, అంటే అక్షరాలతో అంకెలు చెప్పే పద్ధతి. అరబీ అక్షరాలు ఇరవై ఎనిమిదికీ 1 నుంచి 1000 దాకా విలువలున్నాయి. సంఘటనను చెప్పే వాక్యంలోని అక్షరాల విలువలు కూడితే ఆ ఏడు రావాలి. పారశీక కవులు ఇందులో ఆరితేరారు. 1556 జనవరిలో మొగల్ పాదుషా హుమాయూన్ ఢిల్లీలో తన గ్రంథాలయం మెట్ల మీద నుంచి జారిపడి చనిపోతే, ‘హుమాయూన్ పాద్‌షాహ్ అజ్ బామ్ ఉఫ్తాద్’ అన్నారు. హుమాయూన్ పాదుషా మేడ మీద నుంచి పడ్డాడని అర్థం. కూడి చూడండి. హుమాయూన్ 112, పాద్‌షాహ్ 313, అజ్ 8, బామ్ 43, ఉఫ్తాద్ 486. మొత్తం 962. కానీ 963వ ఏడు 1555 నవంబరులోనే మొదలైపోయింది. అంటే ఇంత పేరుమోసిన వాక్యం ఒక ఏడు తక్కువ చూపిస్తోంది. వాక్యం అంత సహజంగా కుదిరినప్పుడు ఒక అంకె తేడాను కవులు క్షమించేవారు. కనుక అబ్జద్ వాక్యాన్ని ఆధారంగా వాడొచ్చు గానీ, దాన్నొక్కదాన్నే నమ్మి ఏడు తేల్చకూడదు.

ఆరాధనకు చంద్రుడు సరే, పన్నులకు కుదరలేదు. పంట సూర్యుణ్ణి బట్టి పండుతుంది. చాంద్ర సంవత్సరం ప్రకారం శిస్తు వసూలు చేస్తే 32 పంటలకు 33 సార్లు కట్టించుకున్నట్టవుతుంది. అందుకే ముస్లిం రాజ్యాలు ఎప్పుడూ పక్కన ఒక సౌర పంచాంగం పెట్టుకున్నాయి. ఈజిప్టులో అక్కడి క్రైస్తవులైన కాప్టుల నెలలు వాడారు. అబ్బాసీ ఖలీఫా అల్ ముతదిద్ 895లో శిస్తు మొదలయ్యే నౌరోజును (పారశీక కొత్త సంవత్సరం రోజును) జూన్ 11కు జరిపాడు. అంతకుముందు పంట చేతికి రాకముందే వసూలుకు వచ్చేవారు. సెల్జూక్ సుల్తాన్ మలిక్ షా కొలువులో ఉమర్ ఖయ్యాం తదితరులు తీర్చిన జలాలీ పంచాంగం 1079లో మొదలైంది. ఈ వైవిధ్యం తెలియకపోతే మళ్లీ తేదీలు తప్పుతాయి. ఇరాన్‌లో 1925 నుంచి అధికారికంగా నడుస్తున్నది సౌర హిజ్రీ. శకారంభం అదే వలస సంవత్సరం, లెక్క మాత్రం సూర్యుడిది. దానికి 621 కలిపితే సరిపోతుంది, జనవరి నుంచి మార్చి మూడో వారం దాకా మాత్రం 622. ఇరాన్ విప్లవం గెలిచిన 1357 బహ్మన్ 22 అంటే 1979 ఫిబ్రవరి 11. అదే 1357ను చాంద్ర హిజ్రీ అనుకుని మారిస్తే 1938 వస్తుంది. విప్లవానికి ముందు ఇరాన్ పత్రికల మీద 2535, 2537 లాంటి అంకెలుంటాయి. 1976 నుంచి 1978 దాకా షా ప్రభుత్వం తెచ్చిన రాజ శకం అది. ఇక ఉస్మానీలు 1840 నుంచి ప్రభుత్వ లెక్కలకు వాడిన రూమీ పంచాంగం జూలియన్ నెలల మీద నడిచింది. టర్కీ చరిత్రలో ‘మార్చి 31 ఘటన’ జరిగింది రూమీ 1325లో. 584 కలిపితే 1909, పదమూడు రోజులు కలిపితే ఏప్రిల్ 13. పేరులో మార్చి ఉందని దాన్ని మార్చిలోకి దిద్దిన ఉపసంపాదకుడు మంచి ఉద్దేశంతోనే తప్పు చేసినట్టు.

వయసులకూ ఇదే వర్తిస్తుంది. చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ హిజ్రీ 732 రంజాన్‌లో పుట్టి 808 రంజాన్‌లో చనిపోయాడు, 76 ఏళ్లు. క్రీస్తుశకంలో చూస్తే 1332 మే నుంచి 1406 మార్చి, 74 కూడా నిండలేదు. ప్రవక్త 63 ఏళ్లు జీవించారన్నది చాంద్రమాన లెక్క, సౌరమానంలో దాదాపు 61. రెండు అంకెలూ సరైనవే. ఏ ఏళ్లో చెప్పకపోవడమే లోపం.

చివరగా, ప్రతి రంజాన్‌కూ ప్రతి పండుగకూ ‘నెలవంకపై అయోమయం’ అన్న శీర్షిక గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. అది అయోమయం కాదు, పద్నాలుగు వందల ఏళ్ల నాటి ధర్మశాస్త్ర చర్చ. నెలవంకను చూసి ఉపవాసం మొదలుపెట్టండి, చూసి ముగించండి, మబ్బు పడితే ముప్పై పూర్తి చేయండి అన్నది హదీసు, అంటే ప్రవక్త మాట. ఒక ఊళ్లో చూసింది ఇంకో ఊరికి చెల్లుతుందా అన్న ప్రశ్న ప్రవక్త అనుచరుల కాలంలోనే వచ్చింది. కురైబ్ అనే ఆయన సిరియా నుంచి మదీనాకు తిరిగివచ్చి, అక్కడ శుక్రవారం రాత్రి నెలవంక కనిపించిందని చెప్పారు. మదీనాలో శనివారం రాత్రి కనిపించింది. సిరియా పాలకుడు ముఆవియా చూపు సరిపోదా అని అడిగితే, ప్రవక్త అనుచరుడు ఇబ్న్ అబ్బాస్ సరిపోదన్నారు, మేం ముప్పై పూర్తిచేస్తాం లేదా మేమే చూస్తాం అన్నారు. అంటే ఒకే రోజుకు రెండు నగరాల్లో రెండు తేదీలు ఉండటం తొలినాళ్ల నుంచీ మామూలే. పాత గ్రంథాల్లో ఒక రోజు తేడా కనిపిస్తే ఏదో ఒకటి తప్పని కొట్టేయకూడదన్నది కూడా ఇందుకే.

గణితానికి చోటుందా అన్నదాని మీదా పెద్దలు రెండు పక్షాలు. ధర్మశాస్త్ర పండితుడు ఇబ్న్ తైమియా గణితం మీద ఆధారపడకూడదన్నాడు. ఆయన తర్వాతి తరంలో, 1355లో మరణించిన తకీయుద్దీన్ సుబ్కీ, నెలవంక కనిపించడం అసాధ్యమని గణితం రుజువు చేస్తే చూశానన్న సాక్ష్యాన్ని తోసిపుచ్చాలన్నాడు. 1939లో ఈజిప్టు హదీసు పండితుడు అహ్మద్ ముహమ్మద్ షాకిర్ మరో అడుగు ముందుకేసి గణితంతోనే నెల మొదలుపెట్టాలని వాదించాడు. ఖగోళవేత్తలు ఈ అవసరం కోసమే ఎంతో శ్రమపడ్డారు. తొమ్మిదో శతాబ్ది గణితవేత్త అల్ ఖ్వారిజ్మీ పేరుతో ఉన్న నెలవంక పట్టిక, సూర్యాస్తమయానికీ చంద్రాస్తమయానికీ మధ్య 12 డిగ్రీలు, అంటే 48 నిమిషాలు, ఉండాలన్న భారతీయ సూత్రం మీద కట్టినది. సంస్కృత సిద్ధాంతాలు ఎనిమిదో శతాబ్దిలోనే బాగ్దాదుకు చేరాయి. తిథిని కొలిచే అదే 12 డిగ్రీలు అక్కడ నెలను మొదలుపెట్టే కొలతగా మారడం ఎంత చక్కని సంగతి!

సూర్య చంద్రుల మధ్య దూరం దాదాపు 7 డిగ్రీలకు తగ్గితే నెలవంక అనేదే ఏర్పడదని నేటి ఖగోళశాస్త్రం చెబుతుంది. 1978లో ఇస్తాంబుల్ సమావేశం సూర్య చంద్రుల మధ్య 8 డిగ్రీల దూరం, దిగంతం మీద చంద్రుడికి 5 డిగ్రీల ఎత్తు అని హద్దు పెట్టింది, టర్కీ ఆ దారిలో గణితంతోనే నడుస్తోంది. సౌదీలో కార్యాలయాల ఉమ్ముల్ ఖురా క్యాలెండరుకు వేరే సూత్రం ఉంది. మక్కాలో సూర్యాస్తమయానికి ముందే అమావాస్య ఘడియ దాటి, సూర్యుడి తర్వాత చంద్రుడు అస్తమించాలి. రంజాన్, హజ్ నెలలకు మాత్రం అక్కడి సుప్రీంకోర్టు సాక్ష్యాలు తీసుకుని ప్రకటిస్తుంది. కాబట్టి వార్త రాసేటప్పుడు ఏ దేశం ఏ సూత్రాన్ని పాటించిందో ఒక్క వాక్యం చేర్చండి. పాఠకుడికి అదే చాలు.

డెస్కులో ఉన్న మిత్రులను కోరేది కొంచెమే. వ్యాసంలో హిజ్రీ ఏడు ఉంటే దాన్ని తీసేయకుండా 505/1111 అన్నట్టు రెండూ పక్కపక్కన వేయండి. రచయిత ఇచ్చిన వారం పేరును స్థలం చాలలేదని కోసేయకండి. రాబోయే నెలల తేదీలకు ‘నెలవంకను బట్టి’ అన్న మాట చేర్చండి. క్యాలెండరు పేజీలు చూసేవాళ్లకు ముందుగానే ఒక సూచన. 2030లో రంజాన్ రెండుసార్లు మొదలవుతుంది, జనవరి 6 ప్రాంతంలో ఒకసారి, డిసెంబరు 26 ప్రాంతంలో మరోసారి. మొదటిది 1451 రంజాన్, రెండోది 1452 రంజాన్. రెండోదాన్ని అచ్చుతప్పు అనుకుని కొట్టేయవద్దు.

ఇట్లు,
ఒక పాఠకుడు